నవాసారం: పేరు ఎక్కడిది, పని ఏమిటి

చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గరి నైనియప్ప నాయకన్ వీధి అంటే రసాయనాల వీధి. సబ్బుల తయారీకి కాస్టిక్ సోడా కావాలన్నా, నేల కడగడానికి యాసిడ్ కావాలన్నా జనం అటే నడుస్తారు. ఆ చుట్టుపక్కల రసాయనాల అంగళ్లలో, నాటుమందుల కొట్లలో ఒక తెల్లటి గడ్డ దొరుకుతుంది. పటిక ముక్కలాగే ఉంటుంది కానీ పటికంత నిగనిగ ఉండదు. విరిస్తే లోపల పీచులు పీచులుగా కనిపిస్తుంది. దీన్ని తమిళంలో అడిగేవాళ్లు నవచ్చారం అంటారు. షావుకారుపేట మార్వాడీ ఇళ్లవాళ్లు నౌసాదర్ అంటారు. తెలుగువాళ్లు నవాసారం అనో, నవాసాగరం అనో అంటారు. బస్తా మీద మాత్రం అమ్మోనియం క్లోరైడ్ అని ఉంటుంది.

ఈ పేర్లన్నీ ఒకే ఉప్పువి. కాకపోతే ఒక పేరు తెలిసినవాళ్లకు మరో పేరు తెలియకపోవడం ఇప్పుడు చాలా మామూలైంది. ఇంట్లో పెద్దావిడ ఇత్తడి గిన్నెకు కళాయి పోయించాలి, నవాసారం ఉందేమో కనుక్కోమంటుంది. కాలేజీలో అమ్మోనియం క్లోరైడ్ ఫార్ములా రాసి మార్కులు తెచ్చుకున్న మనవడికి అదేమిటో అర్థం కాదు. చెన్నై తెలుగు ఇళ్లలో ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. పిల్లలు బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతారు. అమ్మ, నాన్న, అన్నం, నీళ్లు లాంటి మాటలు ఇంట్లో నిలుస్తాయి. వంటింటి అటక మీద ఉండే వస్తువుల పేర్లు, చేతిపనుల పేర్లు ముందుగా జారిపోతాయి. నవాసారం అలా జారిపోతున్న మాటల్లో ఒకటి. ఈ పేరుకు ఉన్నంత పెద్ద చరిత్ర చాలా కొద్ది ఉప్పులకు ఉంది కాబట్టి, పోనీలే అని వదిలేయదగ్గ మాట కాదిది.

ముందుగా ఉప్పు అన్న మాట సంగతి. వంటింట్లో ఉప్పు అంటే ఒక్కటే. రసాయనశాస్త్రంలో మాత్రం ఆమ్లమూ క్షారమూ కలిసినప్పుడు పుట్టే పదార్థాలన్నిటికీ లవణం అనే పేరు. కూరలో వేసే ఉప్పులో సోడియం, క్లోరైడ్ ఉంటాయి. నవాసారంలో సోడియం బదులు అమ్మోనియం ఉంటుంది. అంటే ఒక నత్రజని పరమాణువు, దాని చుట్టూ నాలుగు హైడ్రోజన్ పరమాణువులు కలిసి ఒకే అయానుగా, అంటే విద్యుదావేశం ఉన్న ఒక గుంపుగా ఉంటాయి. ఈ గుంపులో లోహం అసలు లేదు, అయినా సోడియం చేసే పనే చేస్తుంది. నవాసారం గుణాలు చాలావరకు ఈ ఒక్క విషయం నుంచే వస్తాయి. లోహం లేదు కాబట్టి గట్టిగా వేడి చేస్తే కరిగి ముద్ద కాదు. రెండు వాయువులుగా విడిపోయి ఎగిరిపోతుంది. ఒకటి అమ్మోనియా, రెండోది హైడ్రోజన్ క్లోరైడ్. చల్లబడగానే అవి రెండూ మళ్లీ కలిసి తెల్లటి పొగగా, ఆ పొగ పేరుకుంటే తెల్లటి పొరగా మారతాయి. ఘనపదార్థం ద్రవం కాకుండానే ఆవిరై, మళ్లీ ఘనంగా పేరుకోవడాన్ని పాఠాల్లో ఉత్పతనం అంటారు. అంగట్లో దొరికే గడ్డలో ఆ పీచులాంటి అల్లిక ఇలా పొరలు పొరలుగా పేరుకున్నందువల్ల వచ్చేదే.

ఇక అమ్మోనియం అన్న పేరు. చాలామంది అనుకునేదేమిటంటే, అమ్మోనియా అనే వాయువు ముందు ఉంది, దానినుంచి ఈ ఉప్పుకు పేరు వచ్చింది అని. జరిగింది తిరగేసి. ఉప్పుకే ముందు పేరు ఉంది. వాయువు తన పేరును ఆ ఉప్పు దగ్గర తెచ్చుకుంది.

ఈజిప్టు పడమటి ఎడారిలో సీవా అనే ఒయాసిస్సు ఉంది. అక్కడ ఆమున్ దేవుడి గుడి ఉండేది. గ్రీకులు ఆ దేవుణ్ణి అమ్మోన్ అన్నారు. క్రీ.పూ. 331లో అలెగ్జాండరు దైవవాక్కు కోసం వెళ్లిన గుడి అదే. ఆ ప్రాంతం నుంచి వచ్చే ఉప్పును రోమన్లు అమ్మోన్ ఉప్పు అనే అర్థంలో పిలిచారు. ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ దాని గురించి రాశాడు. అయితే ప్లినీ చెప్పిన ఉప్పు బహుశా అక్కడ తవ్వి తీసిన మామూలు రాతి ఉప్పేనని పరిశోధకులు భావిస్తారు. ఆ పేరు తర్వాతి శతాబ్దాల్లో మరో పదార్థానికి, అంటే మన నవాసారానికి వచ్చి అంటుకుంది. పొట్టేలు కొమ్ముల్లా చుట్టలు తిరిగి ఉండే శిలాజాలకు అమ్మోనైట్లు అన్న పేరు కూడా ఆ దేవుడిదే. అమ్మోనుకు పొట్టేలు కొమ్ములు ఉన్నట్టు చూపేవారు.

ఈజిప్టుకూ ఈ ఉప్పుకూ నిజమైన సంబంధం గుళ్లో కంటే పొయ్యిలో ఎక్కువ కనిపిస్తుంది. అక్కడ వంటచెరకు తక్కువ. ఒంటెల పేడను, ఇతర పశువుల పేడను పిడకలు చేసి కాల్చేవారు. పేడలో నత్రజని ఉంటుంది, ఉప్పదనమూ ఉంటుంది. పిడక కాలినప్పుడు ఆ రెండూ పొగలో కలిసి, పొగగొట్టంలో మసితో పాటు నవాసారంగా పేరుకునేవి. ఆ మసిని గీకి, పెద్ద గాజు బుడ్లలో పోసి కింద మంట పెడితే తెల్లటి ఉప్పు పైకి లేచి బుడ్డి మెడ దగ్గర గట్టిపడేది. బుడ్డి పగలగొట్టి ఆ గడ్డను బయటికి తీసేవారు. 18వ శతాబ్దం దాకా ఐరోపాకు ఈ సరుకు ఎక్కువగా ఈజిప్టు నుంచే వెళ్లేది.

ఆ దిగుమతిని తప్పించినవాళ్లలో ఒకరి పేరు వేరే కారణంగా ప్రసిద్ధం. భూమి వయసు మనం ఊహించలేనంత ఎక్కువని వాదించి ఆధునిక భూగర్భశాస్త్రానికి పునాది వేసిన జేమ్స్ హట్టన్, తన స్నేహితుడు జేమ్స్ డేవీతో కలిసి ఎడింబరోలో పొగగొట్టాల మసి నుంచి నవాసారం తయారుచేశాడు. రాళ్ల మధ్య తీరిగ్గా తిరిగి ఆలోచించే వెసులుబాటు ఆయనకు కొంతవరకు ఈ వ్యాపారం వల్లే కలిగింది.

1770ల్లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే శాస్త్రవేత్త నవాసారాన్ని సున్నంతో కలిపి వేడి చేసి, వచ్చిన వాయువును పాదరసం మీదుగా పట్టాడు. నీళ్ల మీదుగా పడితే ఆ వాయువు నీళ్లలోనే కరిగిపోతుంది, అందుకని పాదరసం. దానికి ఆయన క్షార వాయువు అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1782లో స్వీడన్ శాస్త్రవేత్త టోర్బెర్న్ బెర్గ్‌మన్ ఆ వాయువుకు అమ్మోనియా అని పేరు పెట్టాడు. అమ్మోన్ ఉప్పులోంచి వచ్చింది కాబట్టి ఆ పేరు. 1808లో ఇంగ్లండు శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ (హట్టన్ స్నేహితుడు డేవీ వేరు), సోడియం, పొటాషియం పేర్ల తీరులో అమ్మోనియం అనే మాటను తెచ్చాడు. చివర ఇయం అని తగిలించడంలోనే ఆలోచన అంతా ఉంది. లోహంలా ప్రవర్తిస్తోంది కాబట్టి లోహం పేరులాంటి పేరు ఇచ్చారన్నమాట.

మన నవాసారం అన్న పేరు వేరే దారిలో వచ్చింది. పారశీకంలో ఈ ఉప్పు నౌషాదుర్. అరబ్బీలో నుషాదిర్. చైనా భాషలో మొదటి భాగం నావో అని వినిపిస్తుంది. మధ్య ఆసియా కొండల్లో నేల లోపల బొగ్గు పొరలు తమంతట తాము అంటుకుని ఏళ్ల తరబడి కాలుతుండే చోట్లు ఉన్నాయి. ఆ నెర్రెల్లోంచి వచ్చే ఆవిరి చల్లబడితే రాళ్ల మీద తెల్లగా పేరుకునేది ఈ ఉప్పే. పదో శతాబ్దపు అరబ్బు భూగోళ రచయితలు ఆ కొండల్లోని నవాసారం గనుల గురించి రాశారు. ఆ ఆవిరి వచ్చే చోట చిన్న ఇల్లులా కట్టి, తలుపులు కిటికీలు మూసి, లోపల పేరుకున్నదాన్ని ఏరుకునేవారట. ఆ వర్తకంతో పాటే పేరు కూడా అటు చైనాకు, ఇటు మనకు నడిచి వచ్చిందనేది ఎక్కువమంది ఒప్పుకునే మాట.

సంస్కృత రసశాస్త్ర గ్రంథాల్లో దీని పేరు నవసారం, నరసారం, నవసాదరం, చూలికాలవణం. సుమారు 13వ శతాబ్దానిదిగా చెప్పే రసరత్నసముచ్చయం దీన్ని సాధారణ రసాలు అనే ఎనిమిదింటి వరసలో చేర్చింది. ఇటుకలు కాల్చేటప్పుడు పుట్టే పాలిపోయిన తెలుపు రంగు తేలిక లవణం ఇది అని ఆ గ్రంథం చెప్పే గుర్తు. ఈ మాట చదివితే ఈజిప్టు పొగగొట్టం గుర్తుకు రాక మానదు. ఇటుక బట్టీలోనూ పిడకలే కాల్చేవారు. 19వ శతాబ్దంలో కూడా అప్పటి పంజాబులోని కర్నాల్ ప్రాంతంలో కుమ్మరులు ఇటుక బట్టీల పద్ధతిలోనే నవాసారం తయారుచేసేవారు. ఒకదానికొకటి దూరంగా ఉన్న రెండు దేశాల్లో ఒకే పేడ, ఒకే పొగ, ఒకే ఉప్పు.

కాబట్టి నవాసాగరం అన్న పేరులో తొమ్మిది సముద్రాలు లేవు, నవాసారంలో తొమ్మిది సారాలూ లేవు. పరాయి మాట ఒకటి మన నోట్లో పడితే తెలిసిన మాటల రూపంలోకి దాన్ని సర్దుకుంటాం. నౌషాదుర్ అలాగే నవసాదరమై, నవసాగరమై, మనకు ఇక్కడి మాటలాగే వినిపిస్తోంది. సముద్రంతో దీనికి ఏ సంబంధమూ లేదు. ఉప్పు అనగానే సముద్రం తడుతుంది కాబట్టి సాగరం అన్న రూపం అంత తేలిగ్గా కుదిరిందేమో. మన అంగట్లోని మిగతా ఉప్పుల పేర్లు చూస్తే ఒక్కోదానిదీ ఒక్కో తోవ. సైంధవ లవణం సింధు ప్రాంతం పేరు మోస్తోంది. పటిక స్ఫటికం నుంచి వచ్చింది, చూపును బట్టి పెట్టిన పేరు. సురేకారంలోని మొదటి సగం పారశీకపు షోరా. నవాసారం మాత్రం ఊరు పేరు కాదు, రూపం పేరు కాదు. దారిలో ఎన్నో నోళ్లు మారి అరిగిపోయిన పేరు.

ఇక పని సంగతి. చెన్నైలో ఇప్పటికీ నవాసారాన్ని ఆ పేరుతోనే అడిగి కొనేవాళ్లలో ముందు చెప్పుకోవలసినవాళ్లు కళాయి పోసేవాళ్లు. రాగి, ఇత్తడి గిన్నెల్లో చింతపండు పులుసు కాచినా, మజ్జిగ పోసినా పులుపు రాగిని కరిగిస్తుంది. పచ్చగా చిలుము పడుతుంది, కడుపులో తిప్పుతుంది. అందుకే లోపలి వైపు పల్చగా తగరం పూత వేస్తారు. ఆ పూతే కళాయి. మాట కూడా తగరానికి అరబ్బీలో ఉన్న ఖలయీ అనే పేరు నుంచి వచ్చిందే. ఈ రోజుల్లో కళాయి అంటే వేపుళ్లు చేసే మూకుడు అనుకునేవాళ్లు ఎక్కువయ్యారు కానీ, అది కడాయి నుంచి వచ్చిన వేరే మాట.

పని దగ్గర నిలబడి చూస్తే నవాసారం ఎందుకో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. నేలలో చిన్న గుంట, అందులో బొగ్గులు, పక్కన చేత్తో తిప్పే గాలిమర. గిన్నెను ముందుగా ఇసుకతోనో, నీళ్లు కలిపిన యాసిడ్‌తోనో తోమి కడుగుతారు. తర్వాత పటకారుతో పట్టి నిప్పుల మీద తిప్పుతారు. గిన్నె వేడెక్కేకొద్దీ అప్పటిదాకా మెరిసిన లోపలి వైపు మళ్లీ నల్లబడుతుంది. వేడికి రాగి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పొరకట్టడం వల్ల వచ్చే నలుపు అది. ఆ నలుపు మీద తగరం అంటదు. కరిగిన తగరం తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా దొర్లిపోతుంది. అప్పుడు చిటికెడు నవాసారం పొడి లోపల చల్లి దూది పీచుతో రుద్దుతారు. గుప్పున తెల్లటి పొగ లేస్తుంది, ఘాటుకు కళ్లు మండుతాయి. పొగ తేలేలోపు గిన్నె లోపల శుభ్రమైన లోహపు రంగు బయటపడుతుంది. వెంటనే తగరం కడ్డీని తాకిస్తే, 232 డిగ్రీలకే కరిగే ఆ లోహం వెన్నలా జారుతుంది. దూదితో గుండ్రంగా ఒక తిప్పు తిప్పితే వెండి లాంటి మెరుపు అంచుదాకా పాకుతుంది. గిన్నెను నీళ్లలో ముంచితే సుయ్‌మంటుంది, పని అయిపోతుంది.

ఆ పొగలో జరిగింది ఇదీ. వేడి గిన్నె తగలగానే నవాసారం అమ్మోనియాగా, హైడ్రోజన్ క్లోరైడుగా విడిపోయింది. హైడ్రోజన్ క్లోరైడ్ ఆ నల్లటి పొరను తినేసింది. అమ్మోనియా కూడా ఆ వేడిలో పొరలోని ఆక్సిజన్‌ను లాగేయడంలో సాయపడింది. మిగిలిపోయిన రెండు వాయువులూ పైకి లేచి చల్లగాలి తగలగానే మళ్లీ కలిసి పొగ అయ్యాయి. యాసిడ్‌తో ముందే కడిగారు కదా, మళ్లీ ఇదెందుకు అని అడిగితే జవాబు ఇక్కడే ఉంది. వేడి చేసే క్షణంలో పుట్టే కొత్త నలుపును ఆ క్షణంలోనే తీసేయాలి. సీసాలోని యాసిడ్ అది చేయలేదు. గిన్నె వేడినే వాడుకుని అక్కడికక్కడ యాసిడ్‌ను పుట్టించే పొడి కావాలి. రసాయనశాస్త్రం చదవని చేతులు ఎన్నో తరాల కిందటే ఈ సంగతి కనిపెట్టాయి. ఆ తెలివికి దక్కవలసిన గౌరవం దక్కడం లేదు.

చెన్నైలో కళాయి పోయించేవాళ్లు ఒక మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. తమిళంలో ఈ పనిని ఈయం పూయడం అంటారు. ఈయం అన్న ఒక్క మాటే తగరానికీ సీసానికీ వాడుకలో ఉంది. విడదీసి చెప్పాలంటే వెళ్ళీయం అంటే తగరం, కారీయం అంటే సీసం. రసం కాచే ఈయచ్చొంబు తగరంతో చేసినది. తెలుగులో తగరం, సీసం వేర్వేరు మాటలు కాబట్టి మనకు ఈ గందరగోళం లేదు. సీసం చవక, తగరంలో కలిపితే ఇంకా తక్కువ వేడికే కరుగుతుంది, కొత్తలో మెరుపు కూడా ఇస్తుంది. కానీ సీసం తిండిలోకి దిగితే పిల్లల మెదడుకు చేటు. కళాయి పోయించేటప్పుడు కడ్డీ ఏమిటో అడిగి తెలుసుకోవాలి, అడిగేటప్పుడు వెళ్ళీయమా అని అడగాలి. ఒక మాటకు ఎంత బరువుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

లోహాన్ని శుభ్రం చేసే ఈ గుణం వల్లే ఇనుప సామాను మీద జింకు పూత వేసే గాల్వనైజింగ్ పనిలోనూ, రేడియేటర్లు, రేకు డబ్బాలు అతికేచోటా నవాసారం, జింక్ క్లోరైడ్ కలిపి వాడతారు. రిచీ వీధిలో ఎలక్ట్రానిక్ బోర్డులు సోల్డరింగ్ చేసేవాళ్లు మాత్రం రోజిన్ (పైన్ చెట్టు బంక నుంచి తీసేది) వాడతారు. నవాసారం మిగిల్చే క్లోరైడ్ మరక తేమ పీల్చి సన్నటి రాగి గీతలను తినేస్తుంది. చెన్నై గాలిలో ఆ తేమకు కొదవలేదు.

ఇళ్లలో మరో వాడుక ఉండేది. కాస్త నవాసారం, కాస్త తడి సున్నం అరచేతిలో వేసి రుద్ది, తలనొప్పిగా ఉన్నవాళ్లకో, కళ్లు తిరిగి పడిపోయినవాళ్లకో వాసన చూపేవారు. ముక్కులోంచి నడినెత్తికి ఎక్కే ఘాటు. ఆ ఘాటు అమ్మోనియాది. సున్నం క్షారం కాబట్టి నవాసారంలోంచి అమ్మోనియాను బయటికి నెట్టేస్తుంది. ప్రీస్ట్లీ పాదరసం మీదుగా పట్టినదీ ఇదే. ఆయన వేడి చేశాడు, ఇంట్లో ముసలమ్మ అరచేతిలో రుద్దింది, అంతే తేడా. ఆ ఘాటుకు ఊపిరి ఒక్కసారి లోపలికి గుంజుకుంటుంది, మెలకువ వస్తుంది. జబ్బు నయం కావడమంటూ ఏమీ ఉండదు. ఉబ్బసం ఉన్నవాళ్లకు, చిన్నపిల్లలకు ఇది మంచిది కాదు. ఎవరైనా స్పృహ తప్పితే వాసన చూపుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయడమే సరైన పని.

దగ్గు మందు సీసా మీది చిన్న అక్షరాలు చదివే అలవాటు ఉన్నవాళ్లు ఇదే ఉప్పును అక్కడా చూసి ఉంటారు. కొన్ని సిరప్‌లలో 5 మిల్లీలీటర్లకు 138 మిల్లీగ్రాముల అమ్మోనియం క్లోరైడ్ అని రాసి ఉంటుంది. ఇది కడుపు లోపలి పొరను కొద్దిగా గిల్లుతుంది, దానికి స్పందనగా ఊపిరితిత్తుల దారుల్లో నీరు ఊరి కఫం పల్చబడుతుందనేది వాడకం వెనక ఉన్న ఆలోచన. గట్టి రుజువులు తక్కువే అయినా వాడుక పాతది, కాబట్టి కొనసాగుతోంది. ఇక్కడ పేరు తెలిసినందువల్ల ఒక ప్రమాదం కూడా ఉంది. సిరప్‌లో ఉన్నది నవాసారమే కదా అని అంగట్లో గడ్డ కొని పొడి చేసి మింగడం ఎంతమాత్రం పనికిరాదు. మందుల్లో వేసేది ఇండియన్ ఫార్మకోపియా అనే మందుల నాణ్యత ప్రమాణానికి తేల్చిన సరుకు. గిన్నెలకు వాడే సరుకులో సీసమో ఇనుమో ఎంతుందో ఎవరూ చూడరు. పైగా ఈ ఉప్పు ఎక్కువైతే ఒంట్లో ఆమ్లం పెరుగుతుంది. కాలేయం, మూత్రపిండాల జబ్బులున్నవాళ్లకు అది పెద్ద సమస్య. పేరు ఒకటే అయినంత మాత్రాన సరుకు ఒకటి కాదు.

టార్చిలైటు సెల్లులోనూ ఇది ఉండేది. 1866లో ఫ్రాన్స్‌కు చెందిన జార్జ్ లెక్లాంషె గాజు జాడీలో నవాసారం నీళ్లు పోసి, జింకు కడ్డీ, కార్బన్ పెట్టి చేసిన బ్యాటరీ టెలిగ్రాఫులకు, కాలింగ్ బెల్లులకు చాలాకాలం పనిచేసింది. తర్వాత 1880ల్లో కార్ల్ గాస్నర్ ఆ నీళ్లను ముద్దలాగా చేసి జింకు డబ్బాలో మూసేశాడు. అప్పుడది ఒలకని సెల్లు అయింది. పాత గోడ గడియారం వెనక మరిచిపోయిన సెల్లు చుట్టూ తెల్లగా పొక్కులు పొక్కులుగా పట్టే ఉప్పులో పాతకాలపు సెల్లులైతే దీనికీ భాగం ఉంది. ఇప్పటి మామూలు సెల్లుల్లో ఎక్కువగా జింక్ క్లోరైడ్ వాడుతున్నారు.

ఇంకో గుణం చూడాలంటే ఒక స్టీలు గ్లాసు చాలు. సగం నీళ్లు పోసి నాలుగు చెంచాల నవాసారం వేసి కలిపితే గ్లాసు చేతికి చల్లగా తగులుతుంది. చెన్నైలో మే నెల ఉక్కపోతలో అయితే కాసేపట్లో గ్లాసు బయట చెమట పడుతుంది. ఈ ఉప్పు కరగడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న నీళ్ల నుంచి లాక్కుంటుంది. ఫ్రిజ్జులు రాకముందు నీళ్లు చల్లబరచడానికి సురేకారంలాగే దీన్నీ వాడేవారు. చల్లబరచవలసిన నీటి కూజాను ఈ ఉప్పునీళ్ల తొట్టిలో పెట్టేవారు. ఆ ఉప్పునీళ్లు తాగడానికి కాదు.

నవాసారం ఇప్పుడు పేడ పొగలోంచి రావడం లేదు. 1913లో జర్మనీలోని ఓపావులో, గాలిలోని నత్రజనితో అమ్మోనియా తయారుచేసే మొదటి పెద్ద కర్మాగారం మొదలయ్యాక దారి తిరగబడింది. ఒకప్పుడు ఉప్పులోంచి వాయువు తీసేవారు. ఇప్పుడు వాయువులోంచి ఉప్పు తీస్తున్నారు. సోడా యాష్ (సోడియం కార్బొనేట్) తయారీలో మామూలు ఉప్పు, అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ కలిపే ఒక పద్ధతిలో ఇది జోడు సరుకుగా వస్తుంది. తమిళనాడులోనే తూత్తుకుడిలో అలాంటి కర్మాగారం ఉంది. అక్కడి సరుకులో చాలా భాగం ఎరువుగా వెళ్తుంది. ఎరువు రకంలో నత్రజని 25 శాతం. యూరియాలో 46 శాతం కాబట్టి అంత బలం లేదు కానీ, వరికి సరిపోతుంది. పొగాకు, బంగాళదుంప లాంటి పంటలకు క్లోరైడ్ పడదు. ఉప్పు తేలిన చవుడు నేలలకూ ఇది తగదు.

నాటుసారా బట్టీల మీద దాడుల వార్తల్లో బెల్లంతో పాటు నవాసారం పేరు కూడా వస్తుంటుంది. పేరులో సారం ఉంది కాబట్టి సారా దానినుంచే వచ్చిందనుకునేవాళ్లున్నారు. రెండు మాటలకూ సంబంధం లేదు. బెల్లంలో తీపి దండిగా ఉన్నా, పులిసేలా చేసే ఈస్టుకు కావలసిన నత్రజని తక్కువ. దాన్ని అందిస్తుందని వేస్తారు. అక్కడ వాడే సరుకు ఏ రకమో, ఎంత మోతాదో ఎవరికీ తెలియదు. ఆ సారా తాగినవాళ్ల ప్రాణాలు తీసేది చాలాసార్లు మిథనాల్. అయినా ఆ గుంపులో పేరు వినబడడం వల్ల నవాసారం అనగానే అంగడివాళ్లు అనుమానంగా చూసే రోజులు వచ్చాయి. కళాయి పని కోసం అడిగేవాళ్లకు ఇది అకారణంగా పడిన ఇబ్బంది.

2023 డిసెంబరు 26 రాత్రి ఎన్నూరు తీరంలో సముద్రం కింద వేసిన పైపు నుంచి అమ్మోనియా లీకైంది. చుట్టుపక్కల మత్స్యకారుల ఊళ్లలో జనం ఊపిరాడక ఇళ్లు వదిలి పరుగెత్తారు, కొందరు ఆసుపత్రుల్లో చేరారు. అలాంటి రాత్రి తర్వాత అమ్మోనియం అన్న పేరు చూసి ఎవరైనా భయపడితే తప్పు పట్టలేం. కానీ తేడా ఉంది. అమ్మోనియా వాయువు, పైపుల్లో ద్రవంగా వెళ్తుంది, బయటపడితే ఊపిరితిత్తులను కాలుస్తుంది. అమ్మోనియం క్లోరైడులో అదే అమ్మోనియా ఆమ్లంతో కట్టుబడి ఉంటుంది, డబ్బాలో ఉంచితే ఊరికే కూర్చుంటుంది. ఫిన్లాండు, ఆ చుట్టుపక్కల దేశాల్లో అతిమధురం మిఠాయిల్లో దీన్ని కలుపుకుని తింటారు కూడా. ఆ మిఠాయి పేరు సల్మియాక్కి, అదీ అమ్మోన్ ఉప్పు అన్న లాటిన్ పేరు ముడుచుకుపోయిన రూపమే. సున్నం తగిలితేనో, గట్టిగా వేడి చేస్తేనో కట్టు విడుతుంది. బ్లీచింగ్ పౌడరుతో అయితే ఇంకా ప్రమాదకరమైన క్లోరమీన్ వాయువులు పుడతాయి. కాబట్టి ఇంట్లో ఉంచుకునేవాళ్లు సున్నం, బ్లీచింగ్ పౌడర్ ఉన్న అరలో దీన్ని పెట్టకూడదు. ఇత్తడి, రాగి మూతల డబ్బాల్లోనూ వద్దు, మూతను తినేస్తుంది. గాజు సీసా, ప్లాస్టిక్ మూత మంచిది. మూత వదులైతే చెన్నై వానాకాలంలో పొడి కాస్తా రాయిలా గట్టిపడుతుంది.

అంగట్లో ఏ పేరుతో అడగాలన్నది చివరికి ఏ పనికన్నదాన్ని బట్టి ఉంటుంది. గిన్నెలకైతే నవచ్చారం అనో నవాసారం అనో అడిగితే చాలు, గడ్డగానో పొడిగానో ఇస్తారు. స్కూలు ల్యాబుకైతే అమ్మోనియం క్లోరైడ్, ల్యాబ్ గ్రేడ్ అని అడగాలి. సరుకు మీద అనుమానముంటే తేల్చుకోవడానికి ఇనుప గరిటె ఒకటి ఉంటే సరి. ఆరుబయట, పొగ ముఖం మీదికి రాకుండా గాలి వీపు వైపు నుంచి వీచేలా నిలబడి, చిటికెడు గరిటెలో వేసి మంట మీద పట్టాలి. మామూలు ఉప్పు కలిపి ఉంటే చిటపటలాడి గరిటెలోనే ఉండిపోతుంది. పటిక అయితే కరిగి, పొంగి, తెల్లటి నురగలా గట్టిపడుతుంది. నవాసారమైతే తెల్లటి పొగగా మొత్తం లేచిపోతుంది, గరిటె ఖాళీగా ఉంటుంది.